మెట్రో ఎక్సోడస్ కొనొచ్చా? చేతిలో సరుకు తక్కువున్నంతసేపే దీని అందం

మీ ప్రశ్న ఇది: "కాల్ ఆఫ్ డ్యూటీ, ఫార్ క్రై ఆడిన అలవాటుంది. మెట్రో ఎక్సోడస్ సేల్‌లో కనిపించింది. కథ అద్భుతం అంటారు కొందరు, నత్తనడక అంటారు ఇంకొందరు. ఇందులో ఏది బాగుంటుంది, ఏది బాగోదు? పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తుందా?"

కొనండి. అయితే కేవలం కాల్పుల సరదా కోసమైతే వద్దు, అది మీరు ఆడిన ఫార్ క్రైలోనే ఎక్కువ. ఈ గేమ్‌లో తుపాకీ పేల్చినప్పటి కంటే దాన్ని తుడిచి శుభ్రం చేసుకుంటున్నప్పుడే ఎక్కువ మజా ఉంటుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ నా అభిప్రాయం అదే. నేను ముందు నార్మల్ అనే మామూలు స్థాయిలో ఆడి పూర్తిచేశాను, తర్వాత హార్డ్‌కోర్ అనే కష్టమైన స్థాయిలో మళ్లీ మొదలుపెట్టాను. కథ అదే, మనుషులు వాళ్లే, దారులూ అవే. అయినా రెండూ వేరే వేరే గేములన్నంత తేడా. మొదటిదాంట్లో నాకు విసుగు పుట్టించిన చోట్లే రెండోదాంట్లో గుండె దడదడలాడింది. తేడా అంతా సంచిలో తూటాలు, మందులు, ఫిల్టర్ల వంటి సరుకు ఎంతుందన్న దాంట్లోనే ఉంది.

ముందుగా కాస్త నేపథ్యం. దీన్ని చేసింది 4ఏ గేమ్స్. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో పుట్టిన స్టూడియో, తర్వాత ప్రధాన కార్యాలయాన్ని మాల్టాకు మార్చుకుంది. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో కొందరు అంతకుముందు చెర్నోబిల్ నేపథ్యంలో వచ్చిన స్టాకర్ గేమ్ మీద పనిచేసినవాళ్లు. ఆ పనితనం ఇక్కడా తెలుస్తుంది: తుప్పు పట్టిన ఇనుము, రేడియేషన్‌ను కొలిచే గీగర్ కౌంటర్ టిక్కుటిక్కులు, గాల్లో తేలే విద్యుత్ గోళాలు. మూలం రష్యన్ రచయిత ద్మిత్రీ గ్లుఖోవ్‌స్కీ నవలలు. 2013లో అణుయుద్ధం జరిగిందనీ, మాస్కోలో బతికిబట్టకట్టిన వాళ్లంతా భూగర్భ మెట్రో స్టేషన్లలో కాపురం పెట్టారనీ ఊహ. 2010లో వచ్చిన మెట్రో 2033, 2013లో వచ్చిన లాస్ట్ లైట్ దాదాపు సొరంగాల్లోనే నడుస్తాయి. 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఈ మూడోది మనల్ని రైలెక్కించి మాస్కో దాటిస్తుంది. పాతవి ఆడకపోయినా దీని కథ అర్థమవుతుంది.

కథానాయకుడు ఆర్త్యోమ్‌కి ఒకటే పిచ్చి. మాస్కో బయట ఎవరో బతికే ఉంటారని రేడియో భుజాన వేసుకుని పైకి వెళ్తుంటాడు. భార్య అన్నా సణుగుతుంది, మామగారు కల్నల్ మిల్లర్ తిడతాడు. తీరా చూస్తే బయట ప్రపంచం ఉంది. అది తెలియకుండా రేడియో సంకేతాలను మాస్కోలోనే ఎవరో అడ్డుకుంటున్నారు. అది బయటపడ్డాక ఇక అక్కడ ఉండే వీల్లేక, అరోరా అనే ఆవిరి రైలు ఎక్కి ఈ గుంపంతా తూర్పు దిక్కుగా బయల్దేరుతుంది. ఇంతకు మించి చెప్పను.

ఇక దీని బలం. మాస్కు పెట్టుకుని విషగాలిలో నడుస్తుంటే మణికట్టు మీది గడియారంలో ఫిల్టరు ఇంకెంతసేపు పనిచేస్తుందో కనిపిస్తుంది. అద్దం మీద బురదో రక్తమో పడితే చేత్తో తుడుచుకోవాలి. దెబ్బ తగిలి అద్దం పగిలితే టేపు ముక్క అంటించుకోవాలి. మ్యాప్ చూడాలంటే జేబులోంచి అట్టకు బిగించిన కాగితం తీస్తాడు. గేమ్ ఆగదు, చూస్తున్నంతసేపూ వెనక నుంచి ఏదో ఒకటి మీద పడొచ్చు. సంచి విప్పినా అంతే. మోకాళ్ల మీద కూర్చుని, తుక్కూ రసాయనాలూ కలిపి మందు కిట్టో ఫిల్టరో తయారుచేసుకుంటుంటే చీకట్లో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. అప్పటి కంగారు పెద్ద శత్రువుతో తలపడే ఏ బాస్ ఫైట్‌లోనూ నాకు కలగలేదు.

సంచిలో అన్నీ తయారుకావన్న సంగతి కూడా ముఖ్యం. మామూలు తూటాలు చేసుకోవాలన్నా, తుపాకీ శుభ్రం చేసుకోవాలన్నా వర్క్‌బెంచ్ ఉన్న చోటికి పోవాలి. అది రైల్లో ఉంటుంది, లేదా దారిలో అక్కడక్కడా దొరికే సురక్షిత గదుల్లో ఉంటుంది. తుపాకీని పట్టించుకోకపోతే మురికి పట్టి, సరిగ్గా అవసరమైన క్షణంలోనే మొరాయిస్తుంది. తుడవడానికీ రసాయనాలే కావాలి, మందుకీ అవే కావాలి. ఒంటికి వాడాలా, తుపాకీకి వాడాలా? హార్డ్‌కోర్‌లో ప్రతి వర్క్‌బెంచ్ దగ్గరా ఇదే బేరం. నెలాఖరున జేబులో చిల్లర లెక్కపెట్టుకున్నట్టు తూటాలు లెక్కపెట్టుకుంటూ తిరిగాను.

అందుకే నాకు బాగా నచ్చిన ఆయుధం కలాష్ (కలాష్నికోవ్ రైఫిల్) కాదు, తిఖార్. గాలి ఒత్తిడితో ఇనుప గుళ్లు విసిరే తుపాకీ అది. పంపు కొట్టి ఒత్తిడి నింపుకోవాలి, పేల్చేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. శబ్దం దాదాపు ఉండదు. దాని గుళ్లు మాత్రం ఎక్కడైనా సంచిలోనే చేసుకోవచ్చు. తుక్కు దొరికితే చాలు, ఆయుధం ఉన్నట్టే. పడిపోయిన శత్రువు తుపాకీ నుంచి స్కోపో సైలెన్సరో ఊడదీసుకుని, అప్పటికప్పుడు మన తుపాకీకి తగిలించుకోవచ్చు కూడా. దుకాణాలూ లేవు, లెవెల్ పెరిగితే వచ్చే పాయింట్లూ లేవు. దొరికిందే మనది.

వెలుతురుదీ ఇదే లెక్క. టార్చిలైటు ఛార్జి తగ్గిపోతే చేత్తో నొక్కే ఛార్జర్‌తో నింపుకోవాలి. కాస్పియన్ ఎడారి కింద ఒక పాత బంకర్లో సాలీళ్లుంటాయి. వెలుతురు పడితే కాలిపోతాయి, చీకటైతే మీదికి వస్తాయి. ఆ బంకర్లో లైటే తూటా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి, గోడల వెనక అవి పాకే చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది. సాలెపురుగులంటే భయమున్నవాళ్లకు మాత్రం ఈ భాగం కష్టమే, ముందే చెబుతున్నాను.

ఇది ఓపెన్ వరల్డ్, అంటే ఎటైనా స్వేచ్ఛగా తిరగొచ్చు అని ఎవరైనా చెబితే పూర్తిగా నమ్మకండి. వోల్గా, కాస్పియన్, టైగా అని మూడు పెద్ద ప్రాంతాలున్నాయి, వాటి మధ్య ఒకే దారిన సాగే అధ్యాయాలున్నాయి. వోల్గాలో మంచు కరుగుతూ, బురదగా, తడిగా ఉంటుంది. కరెంటు పాపమని నమ్మే ఒక మతం వాళ్లు అక్కడ చర్చిలో ఉండి ఒక పెద్ద చేపను పూజిస్తుంటారు. కాస్పియన్‌లో సముద్రం ఎండిపోయి ఓడలు ఇసుకలో పడి ఉంటాయి. చమురు చేజిక్కించుకున్న బ్యారన్ జనాన్ని బానిసలుగా చేసి ఏలుతుంటాడు. నడపడానికి ఒక పాత వ్యాన్ ఇస్తారు. చూడటానికి మూడు ప్రాంతాల్లోకీ టైగా అడవే అందమైనది. ఒకప్పుడు పిల్లల శిబిరంలో చిక్కుకుపోయి, మాస్టారి చేతుల మీద పెరిగిన వాళ్లు అక్కడ పెద్దవాళ్లయి, రెండు వర్గాలుగా చీలి ఉంటారు. యమాంతావ్ బంకర్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. దాని గురించి వెతకొద్దు కూడా, పాడైపోతుంది.

పెద్ద ప్రాంతాల్లో పగలు, రాత్రి మారుతుంటాయి. సురక్షిత గదిలో మంచం ఎక్కి పడుకుంటే సమయాన్ని మనమే మార్చుకోవచ్చు. రాత్రి బందిపోట్లు చాలామంది నిద్రలో ఉంటారు, దొంగచాటుగా వెళ్లడం సులభం. కానీ మృగాలు ఎక్కువ తిరుగుతాయి. ఎవరితో పెట్టుకోవాలో మనమే తేల్చుకోవాలి. ఫార్ క్రైలో లాగా మ్యాప్ నిండా గుర్తులు చల్లి, అవన్నీ తుడిచిపెట్టమనే పని ఇక్కడ లేదు. బైనాక్యులర్స్‌తో దూరంగా చూసి, అక్కడేదో ఉందనిపిస్తే వెళ్లాలి. వెళ్తే ఏదో ఒకటి ఉంటుంది: ఒక ఉత్తరం, ఒక అస్థిపంజరం, మాస్కుకు గట్టి అద్దం.

రైలు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ మధ్య అరోరాలో తిరుగుతూ గడపాల్సిన భాగాలుంటాయి. శత్రువులుండరు, తొందరుండదు. ఇంజిన్ దగ్గర ముసలి యెర్మాక్, పనిముట్ల మధ్య తొకరెవ్, ఒక మూల సిగరెట్ కాల్చుకుంటూ మిల్లర్. పక్కన నిలబడితే మాట్లాడుతూనే ఉంటారు. మనం వింటున్నంతసేపు కొత్త మాటలు వస్తూనే ఉంటాయి. మీరు చెప్పిన "నత్తనడక" అనేవాళ్లు ఈ భాగాల్లోంచి పరుగెత్తుకుంటూ బయటపడ్డవాళ్లని నా అనుమానం. వోల్గాలో నాస్త్యా అనే చిన్నపిల్ల తన ఎలుగుబంటి బొమ్మ పోయిందని చెబుతుంది. స్తెపాన్ అనే సైనికుడు ఎక్కడైనా గిటారు దొరికితే బాగుండు అంటాడు. రెండూ తప్పనిసరి పనులు కావు. బొమ్మ ఉన్నది ఎగిరే రాక్షసి గూట్లో, గిటారు ఉన్నది బందిపోట్ల మధ్యలో. తెచ్చిస్తే తుపాకీ ఇవ్వరు, డబ్బివ్వరు. తర్వాత రైల్లో స్తెపాన్ ఆ గిటారు వాయిస్తుంటాడు, మనం పక్కన కూర్చుని ఇంకో గిటారుతో జతకలవొచ్చు. దారిలో అదే స్తెపాన్‌కి పెళ్లి కూడా అవుతుంది. నా ఫిల్టర్లు, తూటాలు ఖర్చుపెట్టి తెచ్చిన గిటారు కాబట్టే ఆ పాట నాకు పట్టింది. పొదుపుగా దాచుకున్నదాన్ని ఒకరి కోసం ఖర్చుపెట్టడమన్నది సరుకు నిండుగా ఉన్న గేమ్‌లో అనుభవానికి రాదు.

బలహీనతలకొస్తే, మొదటిది ఈ కొరతను గేమే చేజేతులా పాడుచేసుకోవడం. నార్మల్‌లో కాస్పియన్ సగం దాటేసరికి నా దగ్గర సరుకు పొంగిపొర్లింది. ఇక దాక్కోవడం ఎందుకు, తిఖార్ ఎందుకు? నడుచుకుంటూ పోయి అందర్నీ కాల్చేయొచ్చు. అలా కాల్చడం మొదలుపెట్టగానే శత్రువుల తెలివి ఎంతో బయటపడుతుంది. పక్కవాడు కూలితే కేకలు వేస్తారు, కాసేపు వెతుకుతారు, మర్చిపోతారు. ఒకే గుమ్మం గుండా ఒకరి తర్వాత ఒకరు వచ్చి పడతారు. మృగాలైతే తిన్నగా మీదికి దూకడం తప్ప ఇంకేమీ చేయవు. మొదటి గేమ్ మెట్రో 2033లో ఒక గొప్ప ఏర్పాటుండేది: యుద్ధానికి ముందు తయారైన మేలురకం తూటాలే అక్కడ డబ్బు. ప్రాణం మీదికొస్తే ఆ డబ్బునే తుపాకీలో నింపి పేల్చాలి. ఎక్సోడస్‌లో దాన్ని తీసేశారు. బజార్లు లేని ప్రయాణం కాబట్టి తీసేశారన్న వాదన అర్థమవుతుంది. అయినా దానికి సరితూగేది ఏదీ బదులుగా పెట్టలేదన్నదే నా బాధ.

ఆర్త్యోమ్ మూగనోము ఇంకో తలనొప్పి. లోడింగ్ స్క్రీన్ వచ్చినప్పుడు డైరీ చదువుతున్నట్టు తన గొంతుతో చక్కగా మాట్లాడతాడు. గేమ్ మొదలవగానే నోరు పడిపోతుంది. పెళ్లాం పక్కన కూర్చుని మనసులో మాట చెబుతుంది, బదులుండదు. రేడియోలో "ఆర్త్యోమ్, బతికే ఉన్నావా" అని అరుస్తారు, బదులుండదు. సొరంగాల్లో ఒంటరిగా తిరిగే పాత గేముల్లో ఇది సరిపోయింది. ఇంతమంది మనుషులున్న రైల్లో మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది. అన్నా పాత్ర అంత బాగా రాశారు కాబట్టి ఇంకా ఎబ్బెట్టు. తర్వాత విడిగా వచ్చిన కథల్లో మనం ఆడే పాత్రలు మాట్లాడతాయి, అంటే స్టూడియోకూ సంగతి అర్థమైనట్టే ఉంది.

మాటల విషయంలోనే మరొకటి: ఒకేసారి ముగ్గురు మాట్లాడేస్తారు. ఎవరి మాట వినాలో తెలియదు, సబ్‌టైటిల్స్ ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో అందరూ రష్యన్ యాస పెట్టి మాట్లాడటం నాకు నాటకంలా అనిపించింది. రష్యన్ ఆడియో పెట్టుకుని ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఆడితే మనుషులు మనుషుల్లా ఉంటారు. చదువుతూ కాల్చడం అలవాటయ్యేదాకా కొంచెం ఇబ్బంది, అంతే.

ముగింపు మనం ఎలా ప్రవర్తించామన్నదాని మీద ఆధారపడుతుంది. ప్రతి పెద్ద ప్రాంతంలోనూ అక్కడి జనంతో ఎలా ఉన్నామన్నదాన్ని బట్టి ఒక్కో సహచరుడి భవితవ్యం తేలుతుంది. అనవసరంగా చంపకుండా, కొట్టి స్పృహ తప్పించి పోవచ్చు. నాయకుడు పడిపోతే మిగతావాళ్లు చేతులెత్తేస్తారు, వాళ్లను కాల్చకుండా వదిలేయొచ్చు. ఆలోచన నాకు చాలా నచ్చింది. లోపమల్లా గేమ్ ఈ లెక్క ఎక్కడా చూపించకపోవడం. కాస్పియన్‌లో బానిసలూ బందిపోట్లూ ఒకే చోట ఉంటారు, కాల్పులు మొదలయ్యాక చీకట్లో ఎవరెవరో పోల్చుకోవడం కష్టం. మార్కుల పట్టిక వద్దు, కానీ ఎవర్ని చంపకూడదో కంటికి తెలిసేలా ఉండాలి కదా. మీకు నా సలహా: వోల్గాలో చర్చివాళ్ల మీద, టైగాలో అడవి మనుషుల మీద అసలు కాల్పులు జరపకండి. కాస్పియన్‌లో మాత్రం ముందు బైనాక్యులర్స్‌తో చూసి తర్వాత కదలండి.

నడక బరువుగా ఉంటుంది. ఆర్త్యోమ్ వీపున బస్తా మోస్తున్నట్టే కదులుతాడు, అడ్డొచ్చిన గోడ ఎక్కడానికి ఒక్కోసారి తటపటాయిస్తాడు. కాల్ ఆఫ్ డ్యూటీ వేగానికి అలవాటుపడ్డ మీకు మొదటి గంట చిరాకు తప్పదు. పైగా మొదటి అధ్యాయం మాస్కోలోనే, కథ చెప్పడానికే ఎక్కువ సమయం తీసుకుంటుంది. వోల్గా చేరేదాకా తీర్పు చెప్పకండి. ఇక చివరి అధ్యాయం నొవొసిబీర్స్క్ నగరంలో. పెద్ద మైదానాలన్నీ అయిపోయాక మళ్లీ ఇరుకు సొరంగాలు, మంచు, గీగర్ మోత. గేమ్ మొత్తంలో గొప్ప భాగం అదేనని నేనంటాను. కొందరికి అది వెనకడుగులా అనిపించింది. నాకైతే ఈ స్టూడియోకి బాగా వచ్చిన పని సొరంగమేనని అక్కడ మళ్లీ రుజువైంది.

ల్యాప్‌టాప్ సంగతి. దీనికి రెండు రూపాలున్నాయి. 2019 నాటి అసలుది మామూలు గ్రాఫిక్స్ కార్డుల మీదా నడుస్తుంది. 2021లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌కు మాత్రం రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి చూపే పద్ధతి) చేయగల కార్డు తప్పనిసరి, లేకపోతే మొదలే కాదు. పీసీలో గేమ్ కొన్నవాళ్లకు దాన్ని ఉచితంగానే ఇచ్చారు, కాబట్టి మీ దగ్గర పాత కార్డుంటే అసలుదాన్నే ఎంచుకుని డౌన్‌లోడ్ చేయండి. నేను మొదటిసారి ఆడింది జీటీఎక్స్ 1050 ఉన్న ల్యాప్‌టాప్ మీద, లో సెట్టింగుల్లో, రెజల్యూషన్ తగ్గించి. సొరంగాల్లో హాయిగా నడిచింది, బయట మైదానాల్లో కాస్త నత్తినత్తిగా. లోడింగ్ మాత్రం బాగా ఎక్కువసేపు పట్టేది. వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ ఉంటే దాని మీదే వేయండి. వేసవిలో ఫ్యాన్ మోతకు ఆర్త్యోమ్ ఊపిరి కూడా వినపడదు, అందుకే మళ్లీ చెబుతున్నా, హెడ్‌ఫోన్స్.

విడుదలప్పుడు పీసీలో ఒక ఏడాది పాటు దీన్ని ఎపిక్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో మాత్రమే అమ్మారని, దాని పోటీ స్టోర్ అయిన స్టీమ్ అభిమానులు చేసిన గొడవ మీకు ఇంటర్నెట్‌లో ఇంకా కనిపిస్తుంది. ఆ కోపంతో రాసిన పాత రివ్యూలను పట్టించుకోవాల్సిన పని లేదు, 2020 ఫిబ్రవరి నుంచి స్టీమ్‌లోనూ ఉంది.

గోల్డ్ ఎడిషన్ తక్కువకు వస్తుంటే అదే తీసుకోండి, రెండు అదనపు కథలు కలిసి వస్తాయి. ది టూ కల్నల్స్ చిన్నది, నొవొసిబీర్స్క్ మెట్రోలో ఏం జరిగిందో చెబుతుంది, అసలు కథ పూర్తయ్యాకే ఆడాలి. సామ్స్ స్టోరీ వ్లాదివొస్తోక్ రేవులో జరుగుతుంది. ఒంటరిగా ఇంటిదారి వెతుక్కునే అమెరికన్ సైనికుడి కథ. దానికోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టమనను, వస్తే కాదనకండి.

డిఫికల్టీ విషయంలో మాత్రం నా మాట వినండి. షూటర్లు ఆడిన అలవాటుందన్నారు కాబట్టి నేరుగా హార్డ్‌కోర్‌లో మొదలుపెట్టండి. రేంజర్ హార్డ్‌కోర్ అని ఇంకోటి ఉంది, తెర మీద సమాచారమేదీ ఉండదు, మనంతట మనం సేవ్ చేసుకునే వీలుండదు. ఒకసారి పూర్తిచేసి దారులన్నీ తెలిశాక దాని జోలికి వెళ్లొచ్చు. నార్మల్‌లోనే ఆడాలనుకుంటే, కనిపించిన ప్రతి తుక్కునూ ఏరుకోవడం మానేయండి.